దొరకని పుస్తకం, లేని పుస్తకం

తెలుగు పుస్తకం అంతర్జాలానికి ఎక్కిన చరిత్ర చెప్పేవారు సాధారణంగా లెక్కలతో మొదలుపెడతారు. ఇన్ని లక్షల గ్రంథాలు, ఇన్ని కోట్ల పుటలు అంటారు. ఆ లెక్కలు గొప్పవే, కాదనను. కాని ఆ లక్షలలో తనకు కావలసిన ఒక్క పుస్తకాన్ని పట్టుకొని ఇంటికి తెచ్చుకొన్నవాడు ఎవడు, వాడికి దారి చూపినవాడు ఎవడు అన్న ప్రశ్నను చరిత్రకారులు సాధారణంగా వేయరు. నా మట్టుకు నాకు అసలు చరిత్ర అక్కడే ఉన్నదనిపిస్తుంది. దొరకని పుస్తకానికీ లేని పుస్తకానికీ చదువరి దృష్టిలో భేదం లేదు. ధాన్యం గాదెలో ఉన్నదని వింటే ఆకలి తీరదు కదా!

కనుక ఈ వ్యాసంలో తెలుగు పుస్తకాలను పోగుచేసినవారి కథతోబాటు, ఆ పోగులోకి దారి వేసినవారి కథ కూడా చెప్పదలచుకొన్నాను. చివర, కొత్తగా ఈ దారిలో అడుగుపెట్టేవారికి పనికివచ్చే నాలుగు మాటలు కూడా చేర్చాను.

పోగు వేరు, దారి వేరు

ఈ సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదు. కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతా తిరిగి వ్రాతప్రతులూ శాసనాల నకళ్ళూ స్థానిక చరిత్రలూ కుప్పలుగా సేకరించాడు. ఆయనకు ఆ భాషలు రావు. ఊరూరా తిరిగి పండితులతో, కరణాలతో మాట్లాడి ఆ సామగ్రిని రాబట్టినవారు మన కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. 1821లో మెకంజీ చనిపోయాడు. 1828లో హెచ్.హెచ్. విల్సన్ ఆ సేకరణకు ఒక పట్టిక ప్రకటించాడు. ఆ తరువాత 1830లలో లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగిస్తానని కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి విన్నవించుకొన్నాడు. జేమ్స్ ప్రిన్సెప్ అందుకు సమ్మతించలేదు. ఏ కట్టలో ఏమున్నదో, అది ఏ ఊళ్ళో ఎవరి నోట వచ్చిందో ఎరిగిన మనిషి బయట నిలిచాడు. కట్టలు లోపల ఉండిపోయాయి. తరువాతి కాలంలో సి.పి. బ్రౌన్ వంటివారు పూనుకొని స్థానిక చరిత్రలకు నకళ్ళు వ్రాయించకపోతే అందులో ఎంత మిగిలేదో!

ఆంధ్ర గ్రంథాలయోద్యమం ఈ సత్యాన్ని బాగా గ్రహించింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచి ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘానికి అంకురార్పణ చేశారు. ఆనాటి పెద్దలు పుస్తకాలను బీరువాలలో పెట్టి తాళం వేసి ఊరుకోలేదు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పంపారు. పడవ ప్రయాణికులు చదువుకొనేవారు. చదువరి పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే చదువరి దగ్గరకు వెళ్ళాలి అన్నది అందులోని ధర్మం.

ఆ ధర్మానికి శాస్త్రరూపం ఇచ్చినవాడు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల సారాంశం ఇది: పుస్తకాలు ఉన్నది వాడుకకు, ప్రతి చదువరికీ వాని పుస్తకం ఉండాలి, ప్రతి పుస్తకానికీ దాని చదువరి ఉండాలి, చదువరి కాలం వృథా కాకూడదు, గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి. వీటిలో మూడవదీ నాలుగవదీ మనసులో ఉంచుకొని తరువాతి కథ చదవవలసిందిగా కోరుతున్నాను.

పదిలక్షల పుస్తకాల సంకల్పం

అంతర్జాలంలో పుస్తకాలు ఉచితంగా పంచాలన్న ఆలోచన 1971లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన గుటెన్‌బర్గ్ ప్రాజెక్టు నాటిది. మన తెలుగుకు ఆ భాగ్యం పట్టడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. అందుకు ముఖ్యకారకుడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు. లోకం ఆయనను రాజ్ రెడ్డి అంటుంది. పది లక్షల పుస్తకాలను పుటపుటా ఛాయాచిత్రాలుగా మార్చి అందరికీ ఉచితంగా అందించాలని ఆయనా, ఆయన సహచరులూ సంకల్పించారు. ఇండియా, చైనా, తరువాత ఈజిప్టు అందులో చేరాయి. 2007 నాటికి మొత్తం పదిహేను లక్షల పుస్తకాలు పూర్తయినట్లు ప్రకటించారు.

ఆ సంకల్పానికి మన దేశంలోని శాఖ భారత డిజిటల్ గ్రంథాలయం. దీని పోర్టల్‌ను 2003లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ దీనికి ముఖ్యకేంద్రం. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ తెలుగుకు సంబంధించినంతవరకు పెద్ద కేంద్రం. గ్రంథాలయాల బీరువాలలో చెదలకు ఆహారం కావలసిన పుస్తకాలు స్కానరు కిందికి వచ్చాయి. ఒకే ప్రతి మిగిలిన పుస్తకాలు, ముద్రణాలయం పేరు కూడా మరచిపోయిన పుస్తకాలు, శతకాలు, అష్టావధాన సంపుటాలు, హరికథలు, జమీందారుల ఖర్చుతో అచ్చయిన ప్రబంధాలు, పాఠశాలల వాచకాలు, అన్నీ. తెలుగు చదువుకొన్నవాడికి అంతకుమించిన పండుగ మరొకటి ఉంటుందా!

ఇంతలో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను కూడా ఈ విధంగానే అందుబాటులోకి తెచ్చింది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి సంచికలు ఇంట్లో కూర్చుని తిరగవేసే రోజు వచ్చింది.

పుట పుటకూ ఒక నొక్కు

ఇక దించుకొనే విధానం. ఈనాటి పిల్లలకు చెబితే నవ్వుతారు. డిజిటల్ గ్రంథాలయంలో పుస్తకం ఒక ముద్దగా ఉండేది కాదు. ప్రతి పుటా ఒక టిఫ్ బొమ్మ. మొదటి పుట పేరు 00000001, రెండవది 00000002, ఇట్లా ఎనిమిదంకెల పేర్లతో వరుసగా ఉండేవి. చాలా బ్రౌజర్లకు టిఫ్ బొమ్మ చూపించడం చేతకాదు. అందుకు వేరొక ఉపకరణాన్ని స్థాపించుకోవాలి. అది స్థాపించుకొన్నాక ఒక పుట కనబడుతుంది. తరువాతి పుటకు మళ్ళీ నొక్కాలి. 400 పుటల పుస్తకానికి 400 నొక్కులు. మధ్యలో ఫోన్ తీగ మీది కనెక్షను తెగిపోతే మళ్ళీ మొదటికి.

ఈ బాధ చూడలేక కొందరు ఉత్సాహవంతులు చిన్న చిన్న సాఫ్టువేరులు తయారుచేశారు. పుస్తకం సంఖ్య ఇస్తే చాలు, అది రాత్రంతా కూర్చుని పుటలన్నీ తెచ్చి, కుట్టి, ఒక పీడీఎఫ్ చేసి తెల్లవారేసరికి చేతికిచ్చేది. ఆ తయారుచేసినవారు దానికి డబ్బు అడగలేదు. వాడే పద్ధతి అడిగినవారికల్లా ఓపికగా చెప్పేవారు. తెలుగు సాహిత్యచరిత్ర వ్రాసేవారు వీరికి ఒక అధ్యాయం కేటాయించకపోయినా ఒక పేరా అయినా కేటాయించాలని నా మనవి.

పేరు తెలియని పిలుపు

దించుకోవడం కంటె కష్టమైనది వెదకడం. ఆ గ్రంథసూచి రోమను లిపిలో ఉండేది. 2003 నాటికి యూనికోడ్ తెలుగు పుట్టి పన్నెండేళ్ళయినా, తెలుగు అక్షరాలు తెరమీద చూడగలిగిన కంప్యూటర్లు తక్కువ. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చినా, దానిని పనిచేయించుకోవడం అందరికీ తెలియదు. కాబట్టి సూచికర్తలు ఇంగ్లీషు అక్షరాలనే ఆశ్రయించారు. అక్కడే చిక్కు వచ్చింది.

మన వర్ణమాల 56 అక్షరాలది. వారిది 26. తకారమూ టకారమూ ఒకే అక్షరంలో ఇరుక్కొన్నాయి. దకార డకారాలూ అంతే. న ణ లకు, ల ళ లకు, శ ష స లకు ఎవరికి తోచిన ఏర్పాటు వారు చేశారు. దీర్ఘానికి ఒక అక్షరం పెట్టినవారు కొందరు, రెండు పెట్టినవారు కొందరు. సున్నకు ఒకచోట ఎన్, ఒకచోట ఎమ్. ఈ వ్రాతను ఎక్కించినవారు అందరూ తెలుగు చదివినవారు కారు. సంఖ్య పూర్తిచేయవలసిన తొందర ఒకటి.

చిన్నయసూరి బాలవ్యాకరణాన్నే తీసుకొందాం. బాలలోని దీర్ఘానికి రెండు రూపాలు. వ్యాకు రెండు. ణకారానికి మూడు. చివర మువర్ణకం ఉంచడమో, సున్న పెట్టడమో, అది రెండు. గుణించండి: ఇరవై నాలుగు. వకారానికి వీ వ్రాసేవారూ డబ్ల్యూ వ్రాసేవారూ ఉన్నారు కనుక నలభై ఎనిమిది. రెండు మాటల పేరుకు నలభై ఎనిమిది వ్రాతలు! రెంటినీ కలిపి ఒకే మాటగా వ్రాసినవారిని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

పోనీ ఈ చిక్కు దాటినా, యంత్రానికి సంధి తెలియదు. శ్రీమత్ అన్నదానికి ఆంధ్ర కలిసి జశ్త్వం వచ్చి శ్రీమదాంధ్ర అయిందని మనకు తెలుసు, దానికి తెలియదు. మహాభారతము అని వెదికితే, శ్రీమదాంధ్రమహాభారతము అని ఏకపదంగా ఎక్కించిన పుస్తకం పలకదు. ముఖపత్రం మీద ఉన్న బిరుదావళి అంతా పుస్తకం పేరులో చేరిపోయిన సందర్భాలూ ఉన్నాయి. వ్యాఖ్యాత పేరు గ్రంథకర్త స్థానంలోను, ప్రకాశకుని పేరు వ్యాఖ్యాత స్థానంలోను కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. ఒకే పుస్తకం మూడు నాలుగు సార్లు స్కాన్ కావడం, మధ్యలో పుటలు లోపించడం ఆ సేకరణను వాడినవారందరికీ అనుభవమే.

నా దగ్గర చదువుకొన్న ఒక అమ్మాయి పరిశోధన చేస్తూ ఒకనాడు ఫోన్ చేసింది. “మాస్టారూ, ఆ వ్యాఖ్యానం నెట్టులో ఎక్కడా లేదండీ. అంశం మార్చుకోమంటున్నారు” అన్నది గొంతు తగ్గించి. “లేకపోవడం కాదమ్మా, నీవు పిలిచే పేరు దానికి తెలియదు. మరో పేరుతో పిలిచి చూద్దాం” అన్నాను. వ్యాఖ్యాత ఇంటిపేరుతో ఒకసారి, మూలగ్రంథం పేరులోని మొదటి నాలుగక్షరాలతో ఒకసారి, వ్యాకరణం అన్న విషయంతో ఒకసారి వెదికాము. మూడవ ప్రయత్నంలో దొరికింది. ఆ పుస్తకం అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. ఆ అమ్మాయి అంశం మార్చుకొని ఉంటే, ఆ వ్యాఖ్యానం మీద రావలసిన ఒక మంచి గ్రంథం రాకుండా పోయేది. ఒక సూచికలోని ఒక తప్పు అక్షరం ఎంతదూరం పోతుందో చూడండి.

పట్టికలు వ్రాసినవారు

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తరువాత వికీసోర్సు వచ్చింది. లేఖిని వంటి ఉపకరణాలతో తెలుగులో టైపు చేయడం అందరికీ అలవడింది. ఆ అలవాటులోనుంచి ఒక పుణ్యకార్యం పుట్టింది. కొందరు వికీపీడియనులు డిజిటల్ గ్రంథాలయంలోని తెలుగు పుస్తకాలను ఒక్కొక్కటీ తెరిచి చూసి, వాటి పేర్లను తెలుగులిపిలో వ్రాసి, రచయిత, విషయం, ప్రచురణ సంవత్సరం, పుస్తకం సంఖ్య చేర్చి, అకారాది క్రమంలో పట్టికలు కూర్చారు. ఇది పేరు తెచ్చే పని కాదు. కవిత్వం వ్రాస్తే మెచ్చుకొనేవారుంటారు, పట్టిక వ్రాస్తే ఎవరుంటారు? కాని ఆ పట్టికలో ఒక వరుస చేరడమంటే ఒక పుస్తకానికి ప్రాణం వచ్చినట్లే. లక్ష్మయ్య గారు చేస్తానన్న పని, మరో రూపంలో, దాదాపు రెండు శతాబ్దాల తరువాత మనవాళ్ళు చేశారు.

ఇల్లు మారిన పుస్తకాలు

2017 ప్రాంతంలో భారత డిజిటల్ గ్రంథాలయం వెబ్‌సైట్లు ఒకటొకటిగా పలకడం మానేశాయి. గ్రంథస్వామ్యం విషయమై వచ్చిన ప్రశ్నలు అందుకు ఒక కారణం. ఆ వెబ్‌సైట్ల మీద ఆధారపడి వ్రాసుకొన్న లంకెలన్నీ ఒక్కసారిగా గోడలకు దారితీశాయి. అయితే అప్పటికే అమెరికాకు చెందిన కార్ల్ మలముద్ అనే ఆయన ఆ పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరుస్తూ ఉన్నాడు. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఆర్కైవు కేంద్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నది. అక్కడికి చేరిన మన దేశపు పుస్తకాలు నాలుగు లక్షలకు పైబడినవి. అందులో తెలుగు పుస్తకాలు వేలకొలది.

వలస పోయిన కుటుంబం ఇంటిపేరు వదలుకోనట్లు ఈ పుస్తకాలూ తమ పాత ఇంటిపేరు నిలుపుకొన్నాయి. ఆర్కైవులో వాటి చిరునామాలో “ఇన్, ఎర్నెట్, డీఎల్ఐ, 2015” అన్న మాటలు చుక్కలతో కలిసి వచ్చి, ఆపైన ఒక సంఖ్య ఉంటుంది. ఎర్నెట్ మన దేశపు విద్యా పరిశోధన సంస్థల నెట్‌వర్కు పేరు. ఆ చిరునామా చూడగానే, ఇది మన గ్రంథాలయాల బీరువాలోనుంచి వెళ్ళిన పుస్తకమని గుర్తుపట్టవచ్చు. అయితే ఇంటిపేరుతోబాటు పాత సూచికలోని అచ్చుతప్పులు కూడా సముద్రం దాటి వెళ్ళాయి.

కొత్తగా వచ్చేవారికి

ఇంత కథ చెప్పి, దారి చెప్పకుండా ముగిస్తే నేను పైన నిందించిన పనే నేనూ చేసినట్లవుతుంది. ఆర్కైవులో తెలుగు పుస్తకం వెదకి దించుకొనేవారికి నా అనుభవంలో పనికివచ్చిన పద్ధతి ఇది.

మొదట వికీపీడియాలోని పట్టికలు చూడండి. అక్కడ తెలుగులో పేరు దొరికితే ప్రచురణ సంవత్సరమూ రచయిత పేరూ ముందే తెలుస్తాయి. పాత లంకె పనిచేయకపోయినా దిగులుపడవద్దు. ఆ వివరాలతో ఆర్కైవులో వెదకవచ్చు.

రెండవది, ఆర్కైవులో వెదికేటప్పుడు పూర్తి పేరు వ్రాయకండి. ఎంత పొడుగు పేరు వ్రాస్తే అన్ని తప్పులకు అవకాశం. పేరులోని ఒక్క మాట, అందులోనూ దీర్ఘాలూ సున్నలూ తక్కువ ఉన్న మాట ఎంచుకోండి. మాట మొదటి భాగం వ్రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ భాగంతో మొదలయ్యే మాటలన్నీ వస్తాయి. చరిత్ర, చరిత్రము, చరిత్రమ్ అన్న భేదం ఈ నక్షత్రంతో తీరిపోతుంది. డుమువులను ఒక్క చుక్కతో జయించడమంటే ఇదే.

మూడవది, ఫలితాలు ఎక్కువ వస్తే పక్కన ఉన్న విభాగాలలో భాష తెలుగు అని ఎంచుకోండి. భాష పేరు కొన్నిటికి పూర్తిగా, కొన్నిటికి మూడక్షరాల సంకేతంగా ఉంటుంది, రెండూ చూడండి. తెలుగు పుస్తకానికి సంస్కృతమనో ఇంగ్లీషనో ముద్ర పడిన సందర్భాలున్నాయి కనుక, దొరకనప్పుడు ఆ కట్టడి తీసివేసి మరొకసారి వెదకండి.

నాలుగవది, తెలుగులిపిలో కూడా వెదకండి. ఇటీవలి కాలంలో ఎందరో తమ ఇంటి పుస్తకాలను స్వయంగా స్కాన్ చేసి తెలుగు పేర్లతో చేరుస్తున్నారు. అవి రోమను వ్రాతకు పలకవు.

అయిదవది, దించుకొనే ముందు తెరిచి చూడండి. ముఖపత్రం చూసి పేరు, ముద్రణ, సంవత్సరం సరిచూసుకోండి. మధ్యలో నాలుగైదుచోట్ల పుటసంఖ్యలు వరుసగా ఉన్నవేమో చూడండి. చివరి పుట చూడండి. ఒకే పుస్తకం రెండు మూడు స్కానులు ఉంటే మంచిదానిని ఎంచుకోవచ్చు. ఒకదానిలో లేని పుట మరొకదానిలో ఉండవచ్చు.

ఆరవది, పుస్తకం కనబడే పెట్టె కిందుగా, కుడివైపున, దించుకొనే రూపాల జాబితా ఉంటుంది. అందులో పీడీఎఫ్ అన్నదానిమీద నొక్కితే చాలు, 400 నొక్కుల కాలం పోయింది. టెక్స్ట్ అని మరొక రూపం ఉంటుంది. చాలాకాలం అక్కడి అక్షరాలు గుర్తించే యంత్రానికి తెలుగు రాదు. అందువల్ల పాత పుస్తకాలలో కొన్నిటి టెక్స్ట్ తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. అది మీ కంప్యూటరు లోపం కాదు, గాభరాపడవద్దు. కొన్ని పుస్తకాల దగ్గర అరువు తీసుకొనే మీట మాత్రమే ఉంటుంది. అవి చదివి తిరిగి ఇవ్వవలసినవి, దించుకోవడానికి ఇచ్చినవి కావు.

ఏడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. దించుకొన్న వెంటనే ఆ ఫైలుకు తెలుగులో పేరు పెట్టండి. గ్రంథం పేరు, కర్త పేరు, ముద్రణ సంవత్సరం, ఆర్కైవులోని సంఖ్య. అంకెల పేరుతో వందల ఫైళ్ళు దాచుకొన్నవారి కంప్యూటరు మరో చిన్న చీకటికొట్టు అవుతుంది. లోకంలో దొరికిన పుస్తకం ఇంట్లో పోతుంది.

హక్కులూ, అపాయమూ

ఒక హెచ్చరిక. కనబడినదల్లా పంచదగినది కాదు. మన చట్టం ప్రకారం రచయిత జీవించి ఉండగా వెలువడిన గ్రంథాలకు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని అరవై ఏళ్ళు గ్రంథస్వామ్యం ఉంటుంది. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి గారి అటువంటి గ్రంథాల గడువు 2013తో తీరింది. 1976లో పరమపదించిన విశ్వనాథ సత్యనారాయణ గారివి 2036 చివరిదాకా కుటుంబానివే. 1983లో పోయిన శ్రీశ్రీవి 2043దాకా. ఈ లెక్క ఒకసారి వేసి చూసుకొని పంచడం మర్యాద. జీవించి ఉన్న రచయితల పుస్తకం కొని చదవడం ధర్మం.

మరొక మాట. పుస్తకాలన్నీ ఒకచోట పదిలంగా ఉన్నాయని గుండె మీద చేయి వేసుకొని నిద్రపోవడానికి లేదు. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవు మీద దొంగదాడి జరిగింది. కొన్ని రోజులపాటు ఆ తలుపు ఎవరికీ తెరుచుకోలేదు. తరువాత కోలుకొన్నది, సంతోషం. కాని మన దేశంలోని ఇల్లు ఒకసారి మూతపడింది, సముద్రం ఆవలి ఇల్లు ఒకసారి గడియ పడింది. మూడవ ఇల్లు ఏది? ఒకే తాళపత్ర ప్రతిని నమ్ముకొని పోగొట్టుకొన్న కావ్యాలు మనకు కొత్త కాదు. ఒక కావ్యం మిగిలిందంటే, ఎవరో ఒక ఊళ్ళో ఎవరో ఒక వ్రాయసకాడు మరో నకలు తీయడం వల్లనే మిగిలింది. ఈనాడు నకలు తీయడానికి గంటమూ ఆకూ అక్కరలేదు, ఒక మీట నొక్కితే చాలు. ఆ పాటి శ్రమ మనం పడలేమా?

ముగింపు మనవి

ఈ చరిత్రలో నాకు కనబడిన నీతి ఇది. పెద్ద సంస్థలు పోగుచేయగలవు. యంత్రాలు దాచగలవు. కాని ఒక పుస్తకాన్ని దాని చదువరితో కలపడానికి, ఆ పుస్తకం పేరును సరిగా పలకగలిగిన మనిషి ఒకడు కావాలి. తెలుగు చదువుకొన్నవారమని చెప్పుకొనే మనకు ఇది తగిన పని. సంధి విడదీయడం, అరసున్న గుర్తుపట్టడం, ముఖపత్రంలోని బిరుదులలోనుంచి కవిపేరు వేరుచేయడం, ఇవన్నీ మనకు బడిలో నేర్పిన విద్యలే. వాటికి ఇంత ప్రయోజనం ఉంటుందని ఆనాడు నేర్పినవారు కూడా అనుకొని ఉండరు.

కనుక మిత్రులకు నా విన్నపం. నెలకు ఒక్క పుస్తకం తీసుకోండి. అది మీకు నచ్చినది కానక్కరలేదు, మీ ఊరివారు వ్రాసినదైతే మరీ మంచిది. తెరిచి చూడండి. దాని సరియైన పేరు, కర్త, సంవత్సరం, పుటల సంఖ్య, లోపించిన పుటలు తెలుగులో నాలుగు వరుసలు వ్రాసి, లంకెతో సహా నలుగురికీ కనబడే చోట పెట్టండి. ఎవరైనా దారి అడిగితే, ఇది కూడా తెలియదా అనకుండా చెప్పండి. అడిగినవారు రేపు ఏ పుస్తకాన్ని బ్రతికించబోతున్నారో మనకు తెలియదు.

నా వంతు ఈ వారం వేటపాలెంలో అచ్చయిన ఒక చిన్న శతకం వివరాలు వ్రాస్తున్నాను. పుటలు నలభై, అందులో రెండు లేవు. ఎవరి ఇంట్లోనైనా ప్రతి ఉంటే ఆ రెండు పుటలూ తీసి పంపగలరు.

స్వస్తి.